సరస్సు ఒడ్డును కోసేది మధ్యస్థ వేగమే

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మూడు కుటుంబాలు కలిసి ఔట్‌బోర్డ్ ఇంజనున్న, అంటే వెనుక అంచుకు బయట తగిలించిన ఇంజనున్న ఆరు మీటర్ల పడవను కొన్నారు. సరస్సు నడుమ లోతు ఐదారు మీటర్లు, ఒడ్డు దగ్గర రెండు మీటర్ల లోపే. ఒడ్డుకు చేరువైనప్పుడు వేగాన్ని గంటకు 15 కిలోమీటర్లకు తగ్గిస్తున్నారు. అయినా గట్టు విరిగిపడుతోందనీ, నీళ్లు బురదగా మారుతున్నాయనీ ఒడ్డున ఉండేవారు అంటున్నారు. ఇందులో న్యాయమెంత, ఇకపై ఎలా నడపాలి, ఎలక్ట్రిక్ మోటారుకు మారితే సమస్య తీరుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

పడవలు నడపడంలోను, కొత్తవారికి నేర్పడంలోను చాలాకాలం గడిపిన అనుభవంతో చెబుతున్నాను, మీ పొరుగువారి ఫిర్యాదులో న్యాయం ఉంది. మీరు నిర్లక్ష్యంగా ఉన్నారని నేను అనను. జాగ్రత్త అనుకుని మీరు ఎంచుకున్న ఆ 15 కిలోమీటర్ల వేగమే ఇక్కడి అసలు చిక్కు. వేగం తగ్గినకొద్దీ అల కూడా తగ్గుతుందన్న నమ్మకం చాలామందిలో బలంగా ఉంది. మోటారు పడవ విషయంలో అది నిజం కాదు.

నెమ్మదిగా సాగేటప్పుడు పడవ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు జరుపుకుంటూ పోతుంది. అప్పుడు లేచే అల చిన్నది. ఈ దశకు ఒక పరిమితి ఉంది. పడవ నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ పరిమితి నాట్లలో వస్తుంది. మీ పడవకు అది సుమారు ఆరు నాట్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర పడవ పుట్టించే అల పొడవు పడవ పొడవుతో సమానమవుతుంది. అది దాటగానే పడవ తాను లేపిన అలనే ఎక్కడానికి ప్రయత్నిస్తూ ముందుభాగాన్ని పైకెత్తి, వెనుకభాగాన్ని నీటిలో కుంగదీసుకుంటుంది. ఇంజను శక్తిలో చాలా భాగం నీటిని దున్నడానికే పోతుంది. ఇంకా వేగం పెంచితే, ఈ పరిమాణం పడవల్లో చాలావాటికి గంటకు 25 నుంచి 30 కిలోమీటర్ల మధ్య, పడవ పైకి లేచి నీటి ఉపరితలం మీద జారడం మొదలుపెడుతుంది. ప్లేనింగ్ అనేది ఈ స్థితినే. అప్పుడు అల మళ్లీ తగ్గుతుంది. 11కూ 25కూ నడుమ ఉన్న వేగాలే అతి పెద్ద అలల్ని లేపుతాయి, మీ 15 ఆ నడుమే ఉంది.

లోతు తక్కువైన చోట పరిస్థితి ఇంకా విషమిస్తుంది. అక్కడ అల ఎంత వేగంగా పోగలదన్నది లోతును బట్టే ఉంటుంది; గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే ఆ హద్దు తెలుస్తుంది. రెండు మీటర్ల లోతుకు అది గంటకు సుమారు 16 కిలోమీటర్లు, ఒక మీటరు లోతుకు సుమారు 11. పడవ వేగం ఈ హద్దుకు దగ్గరపడినప్పుడు, అది పుట్టించిన అలలు దానికంటే ముందుకు పోలేక పోగుపడి ఎత్తు పెరుగుతాయి. అంటే రెండు మీటర్ల లోతులో 15 కిలోమీటర్ల వేగంతో పోయే ఆరు మీటర్ల పడవకు రెండు కారణాలూ ఒకేచోట కలిసివచ్చాయి. వేగం తగ్గించాలన్న మీ ఉద్దేశం మంచిదే, కానీ తగ్గించవలసినంత తగ్గించలేదు. ఒడ్డు దగ్గర గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించకుండా, పడవ వెనుక తెల్లటి నురగ కనిపించనంత నెమ్మదిగా, ముందుభాగం ఏమాత్రం పైకి లేవకుండా పోవాలి. వేగం చూపే మీటరు మీద చూపు నిలపడం కన్నా వెనక్కి తిరిగి మీ అలను చూసుకోవడం మంచి అలవాటు. పడవలో మనుషులు పెరిగినా, సామాను పెరిగినా అదే వేగానికి అల పెద్దదవుతుంది కాబట్టి మీటరు చూపే అంకె ఒక్కటే సరిపోదు.

అల ఎత్తు కాస్త పెరిగితే ఏమవుతుందిలే అనిపించవచ్చు. అలలో ఉండే శక్తి దాని ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, కనుక 20 సెంటీమీటర్ల అల 40 అయితే గట్టును కొట్టే శక్తి నాలుగింతలవుతుంది. పైగా పడవ అల దూరంతో పాటు త్వరగా చావదు. లోతైన నీటిలో పడవ నుంచి ఏటవాలుగా పక్కలకు పోయే ప్రధానమైన అల ఎత్తు, దూరం ఎనిమిదింతలైతే గాని సగానికి తగ్గదని సిద్ధాంతం చెబుతుంది. ఒడ్డుకు 30 మీటర్ల దూరంలో పోయేవారు 60 మీటర్లకు జరిగితే ఒడ్డును చేరే అల ఎత్తు అయిదోవంతు మాత్రమే తగ్గుతుంది. కాబట్టి కాస్త దూరంగా పోతున్నాం కదా అన్న ఓదార్పు చాలదు. అల పుట్టే చోటే దాన్ని చిన్నదిగా ఉంచుకోవాలి.

గాలి కూడా అలల్ని లేపుతుంది కదా, దానితో పోలిస్తే మా ఒక్క పడవ ఎంత అని మీలో ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు సరస్సును బట్టి మారుతుంది. గాలి ఎంత దూరం అడ్డులేకుండా నీటి మీద వీయగలదో అంత పెద్ద అల లేస్తుంది; విశాలమైన సరస్సులో గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డు ఏళ్ల తరబడి ఆ తాకిడికి తట్టుకునేలా రూపుదిద్దుకుని, సన్నమట్టి కొట్టుకుపోగా రాళ్లూ గులకా మిగిలి ఉంటుంది. చిన్న సరస్సులోను, పెద్ద సరస్సులోని వంపుల్లోను, చెట్ల చాటున ఉన్న చిన్న పాయల్లోను ఒడ్డుకు అంతటి అల ఎన్నడూ తెలియదు. అక్కడ మెత్తటి మట్టి నీటి అంచు దాకా ఉంటుంది, రెల్లూ తుంగా దాన్ని పట్టి ఉంచుతాయి. పడవ అల అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇటువంటి చోటనే. మనకు అందంగా, ప్రశాంతంగా కనిపించి లోపలికి పోవాలనిపించే చోట్లు కూడా ఇవే, అందుకే వీటి గురించి నాకు ఆందోళన ఎక్కువ.

ఇక నడిపే పద్ధతి. ఒడ్డు నుంచి బయలుదేరేటప్పుడు ఇంజను అతి తక్కువ వేగంలో ఉండగానే లోతైన నీటి దాకా పోవాలి. మూడు మీటర్లకు తక్కువ లోతులో థ్రాటిల్ తెరవకపోవడాన్ని మీరు మీ ముగ్గురి మధ్య నియమంగా పెట్టుకోవచ్చు. లోతుకు చేరాక మాత్రం వెనుకాడకుండా, చుట్టూ చూసుకుని, మధ్య దశలో ఆగకుండా ప్లేనింగ్‌కు చేరుకోవాలి. అప్పటికి ఇంజనును లోపలికి ట్రిమ్ చేసి, అంటే దాని కిందిభాగాన్ని పడవ వైపు వంచి, మనుషుల్ని కొందరిని ముందుకు కూర్చోబెడితే పడవ త్వరగా లేస్తుంది. అందరూ వెనుక బెంచీ మీదే కూర్చుంటే ముందుభాగం ఆకాశం వైపు చూస్తూ చాలాసేపు నీటిని దున్నుతుంది. తిరిగి వచ్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒడ్డు దగ్గర హఠాత్తుగా థ్రాటిల్ వదిలేయడం. పడవ ప్లేనింగ్ నుంచి దిగేటప్పుడు మళ్లీ ఆ మధ్య దశ గుండానే దిగాలి, ఆ అల ఒడ్డుకే పోతుంది. లోతైన చోటే దిగి, అలల్ని ముందుకు పోనిచ్చి, మిగిలిన దూరం నెమ్మదిగా రండి. ప్రయాణానికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

పడవ వెనుక తాడుతో లాగే ఆటలు మీరు ఆడుతున్నారో లేదో రాయలేదు. ఆడితే వాటికి సరస్సు నడుమ, లోతైన చోటే తగినది. ఒకే గీత మీద గుండ్రంగా తిరిగే అలవాటు ఒకే ఒడ్డును పదేపదే కొడుతుంది. బరువు కోసం బల్లాస్ట్ నీటిని నింపుకుని, వెనుక పలక మీద నిలబడి ఆడేవారి కోసం కావాలనే పెద్ద అల లేపే వేక్‌సర్ఫింగ్ పడవలది వేరే లెక్క. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2022లో ప్రచురించిన కొలతల ప్రకారం, ఈ పడవల అలలు మామూలు పడవల అలల స్థాయికి తగ్గాలంటే అవి ఒడ్డుకు కనీసం 500 అడుగుల దూరంలో, అంటే సుమారు 150 మీటర్ల దూరంలో నడవాలి. వెర్మాంట్ రాష్ట్రం 2024లో తెచ్చిన నియమం ఇటువంటి ఆటలకు ఒడ్డు నుంచి 500 అడుగుల దూరం, 20 అడుగుల లోతు, ఆ లక్షణాలు రెండూ ఉన్న 50 ఎకరాల విస్తీర్ణం ఒకే చోట ఉండాలంటుంది. మీ సరస్సు నడుమ లోతే ఐదారు మీటర్లు కాబట్టి, అటువంటి పడవకు అక్కడ దాదాపు చోటు లేదన్నది నా స్పష్టమైన అభిప్రాయం. మీ స్నేహితులెవరైనా దాన్ని తెస్తామంటే ముందే వద్దని చెప్పడం మంచిది.

బురద సంగతి అలల సంగతికన్నా లోతైనది. ప్రొపెల్లర్ వెనక్కి విసిరే నీరు ఒక బలమైన ధార. పడవ ముందుభాగం పైకి లేచి ఉన్నప్పుడు ఆ ధార అడుగు వైపు వంగుతుంది. కాబట్టి అలకు అతిచెడ్డదైన మధ్య దశే అడుగు మట్టికీ అతిచెడ్డది. లేచిన మట్టి ఎంతసేపు తేలుతుందన్నది రేణువును బట్టి ఉంటుంది. పదోవంతు మిల్లీమీటరు ఇసుకరేణువు ఒక మీటరు దిగడానికి సుమారు రెండు నిమిషాలు చాలు. రెండు మైక్రాన్ల బంకమట్టి రేణువుకు కదలని నీటిలో కూడా సుమారు మూడు రోజులు పడుతుంది. శనివారం లేపిన మట్టి ఆదివారానికి దిగదు, ఆదివారం మళ్లీ లేపుతాం. ఆ మట్టితో పాటు ఏళ్లుగా అడుగున పేరుకున్న భాస్వరం పైకి వస్తుంది, నాచుకు అదే ఎరువు. నీరు మసకబారితే అడుగున పెరిగే మొక్కలకు వెలుతురు అందదు. అవి చనిపోతే మట్టిని పట్టి ఉంచే వేళ్లు పోతాయి, నీరు ఇంకా మసకబారుతుంది. లోతు తక్కువ సరస్సులు మొక్కలతో నిండిన తేటనీటి స్థితిలోనో, నాచుతో నిండిన మసక స్థితిలోనో నిలకడగా ఉంటాయనీ, మొదటిదాని నుంచి రెండోదానికి జారిన సరస్సును వెనక్కి తేవడం చాలా కష్టమనీ జలావరణ శాస్త్రం చెబుతుంది. అందుకే మసక మొదలైన తొలిరోజుల్లోనే మీకు ఫిర్యాదు అందడం మేలైంది.

ఆ మొక్కల మధ్య నుంచి పడవను నడపకండి. ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటాయన్నది చిన్న కారణం. యురేషియన్ వాటర్‌మిల్‌ఫాయిల్ వంటి దూకుడు జాతులు తెగిన ముక్క నుంచే కొత్త మొక్కగా పెరుగుతాయి, కాబట్టి కలుపును కోసేస్తున్నామనుకుంటూ దాన్ని సరస్సంతా నాటిన వాళ్లమవుతాం. మొక్కల అంచున ఇంజను ఆపి, పైకి ఎత్తి, తెడ్డుతో దాటడం ఒక్కటే సరైన దారి. నీటి అంచున గూళ్లు పెట్టే పక్షులు, రెల్లు మధ్య తేలే గూళ్లు కట్టే పక్షులు ఉండేది కూడా అక్కడే. ఒక్క పెద్ద అల చాలు గుడ్లు నీటిపాలు కావడానికి. గుడ్లు పెట్టే కాలంలో ఆ వైపే పోకండి. తల్లిపక్షి గూడు వదిలి నీటిలోకి దిగిందంటే, మీరు అప్పటికే హద్దు దాటారన్నమాట.

ఎలక్ట్రిక్ మోటారు గురించి. జర్మనీలోని కోనిగ్‌సే సరస్సులో ప్రయాణికుల పడవలు 1909 నుంచి విద్యుత్తుతోనే నడుస్తున్నాయి, కాబట్టి ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. చమురు కారడం, పొగ దానితో పోతాయి, శబ్దం చాలా తగ్గుతుంది, మార్చుకోగలిగితే సంతోషం. కానీ అలకు కారణం పడవ బరువు, ఆకారం, వేగం. ఇంజను రకం కాదు. బరువైన బ్యాటరీలు వేసుకుని అదే 15 కిలోమీటర్ల వేగంతో పోతే అల ఇప్పటికన్నా పెద్దదే అవుతుంది. పడవ మార్చాలన్న ఆలోచన వచ్చేలోపు నడక మార్చుకోండి.

మీ ఇంజను పాత కార్బ్యురేటర్ టూ-స్ట్రోక్ రకమా అన్నది కూడా చూసుకోండి. ఆ ఇంజన్లలో ఇంధనంలో సుమారు నాలుగోవంతు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ, మండకుండానే పొగతో పాటు నీటిలోకి పోతుంది. అందుకే అమెరికాలోని టాహో సరస్సు మీద వాటిని 1999 జూన్ నుంచి నిషేధించారు. అటువంటిదే మీ దగ్గర ఉంటే, నా సలహాల్లో డబ్బు ఖర్చుపెట్టమని చెప్పేది ఇదొక్కటే: ఫోర్-స్ట్రోక్ ఇంజనుకు మారండి. తీసిపెట్టగల ట్యాంకు అయితే ఒడ్డుకు తెచ్చి నింపండి. పడవలోనే బిగించిన ట్యాంకును అంచు దాకా నింపకండి, ఎండకు ఇంధనం వ్యాకోచించి గాలిగొట్టం గుండా నీటిలోకి వస్తుంది. పడవ అడుగున చేరే బిల్జ్ నీటిలో నూనె ఉంటే, ఆటోమేటిక్ పంపు దాన్ని మీకు తెలియకుండానే సరస్సులోకి తోస్తుంది. నూనెను మాత్రమే పీల్చే ప్యాడ్ ఒకటి అక్కడ ఎప్పుడూ ఉంచండి. నీటి మీద నూనె తెట్టు కనిపిస్తే సబ్బునీళ్లు మాత్రం చల్లకండి. తెట్టు మాయమైనట్టు కనిపిస్తుంది కానీ నూనె చిన్నచిన్న బిందువులుగా విడిపోయి నీటిలోకి దిగుతుంది, అక్కడి నుంచి దాన్ని ఎవరూ తీయలేరు.

పడవను ట్రెయిలర్ మీద వేరే సరస్సుకు తీసుకుపోతుంటే, ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం ప్రాంతాలకు చెందిన జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పను 1988లో ఉత్తర అమెరికాలోని సెయింట్ క్లెయిర్ సరస్సులో గుర్తించారు. ఓడల బల్లాస్ట్ నీటితో అది ఖండం దాటింది. అక్కడి నుంచి లోపలి సరస్సులకు చేరడంలో ట్రెయిలర్ల మీద తిరిగిన పడవలదే పెద్ద పాత్ర. దాని డింభకాలు కంటికి కనిపించవు, పడవలో మిగిలిన కాసిని నీళ్లలో కూడా బతికి ఉంటాయి. అది ఒకసారి స్థిరపడ్డాక సరస్సు నుంచి పూర్తిగా తొలగించడం దాదాపు అసాధ్యం. అల వల్ల కోసుకుపోయిన గట్టును రెల్లు నాటి నిలబెట్టుకోవచ్చు, ఈ నష్టానికి అటువంటి దారి లేదు. కాబట్టి నీటి నుంచి తీయగానే, అదే ఒడ్డున, పడవకూ ట్రెయిలర్‌కూ అంటిన మొక్కలూ మట్టీ అంతా తీసేయాలి. ప్లగ్గులన్నీ విప్పి, ఇంజనును నిలువుగా దించి, లోపలి నీరంతా కారిపోనివ్వాలి. చేపల ఎర ఉన్న నీటిని నేల మీద పారబోయాలి. తరువాత కనీసం ఐదు రోజులు పొడిగా ఆరనివ్వాలి, తేమ ఎక్కువైన కాలంలో ఇంకా ఎక్కువ. అంత వ్యవధి లేకపోతే 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటితో కడగడం మరో మార్గం. మూడు కుటుంబాల పడవ కనుక, ఒకరు తీసుకుపోయి తెచ్చిన పడవను మరొకరు మరునాడే దించే ప్రమాదం మీకు ఎక్కువ. పడవ ఏ రోజు, ఏ నీటి నుంచి బయటికి వచ్చిందో రాసి తాళంచెవికే కట్టుకోండి.

ఒడ్డున ఉండేవారు కాంక్రీటు గోడ కట్టించాలనుకుంటున్నారని కూడా రాశారు. దానికి మీరు చందా ఇవ్వడానికి సిద్ధపడటం మీ మంచితనమే, కానీ ఆ డబ్బు రెల్లుకూ తుంగకూ లోతుగా వేళ్లూనే పొదలకూ ఖర్చుపెట్టమని నా సూచన. గోడ అలను మింగదు, వెనక్కి తిప్పికొడుతుంది. ఆ తిరుగు అల గోడ పాదం దగ్గర మట్టిని తవ్వి, గోడ లేని పక్క ఒడ్డు మీద పడుతుంది. ఏటవాలు గట్టూ, నీటిలో కొంత, నేల మీద కొంత పెరిగే మొక్కలూ అల శక్తిని మెల్లగా పీల్చుకుంటాయి. నీటి అంచు దాకా గడ్డిని కత్తిరించి పచ్చికలా ఉంచే అలవాటు ఒడ్డున ఉంటే అది కూడా గట్టును బలహీనం చేస్తుంది, ఎందుకంటే ఆ పచ్చిక వేళ్లు పైపైనే ఉంటాయి. ఈ మాట వారితో చెప్పవలసిందే. అయితే మీ నడక మార్చుకుని చూపించిన తరువాత చెబితే వారు వింటారు.

బురదలో మీ వాటా ఎంత, గాలి వాటా ఎంత అన్న వాదనను తేల్చుకోవడానికి సులువైన పరికరం ఒకటి ఉంది. ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి 1865లో తెల్లటి పళ్లేన్ని నీటిలోకి దించి అది ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. నేడు సరస్సుల్లో వాడేది 20 సెంటీమీటర్ల వ్యాసంతో, నాలుగు పావుభాగాలకు ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు వేసిన పళ్లెం. కొలతలు గుర్తుపెట్టిన తాడు కట్టి మీరే తయారుచేసుకోవచ్చు. ఒకే చోట, పట్టపగలు, పడవ నీడవైపు నుంచి కొలవండి. ఆ చోటు మాత్రం సరస్సు నడుమ కాక, ఒడ్డుకు చేరువలో, పళ్లెం కనుమరుగయ్యేలోపు అడుగు తగలనంత లోతున్నది కావాలి. పడవలు తిరగని వారం మధ్యలో ఒకసారి, సెలవురోజులు ముగిసిన సాయంత్రం ఒకసారి, గాలి బాగా వీచి పడవలేవీ తిరగని రోజు మరొకసారి కొలిచి, ఒడ్డున ఉండేవారిలో ఒకరిని పక్కన ఉంచుకుని రాయండి. ఇప్పుడు నడుపుతున్న పద్ధతిలో రెండు నెలలు, ఒడ్డు దగ్గర ఏడెనిమిది కిలోమీటర్ల వేగానికి మారాక రెండు నెలలు అని నేను చెప్పను. రేపటి నుంచే వేగం తగ్గించి, కొలతలు కూడా రేపటి నుంచే మొదలుపెట్టండి. సెలవుల సాయంత్రపు కొలత వారం మధ్య కొలతతో సమానంగా ఉంటే పడవ నడక సరిపడిందని అర్థం. అప్పటికీ తక్కువగానే ఉంటే, లోతు హద్దును మూడు మీటర్ల నుంచి నాలుగుకు జరిపి మళ్లీ చూడండి.